నాంచారమ్మకు మూడు మునకలు

నా కంట్లో వేసిన నీలం బయటికి వస్తోందని మొదట కనిపెట్టేది నర్సు. ఆవిడ కట్టు కత్తిరించి తీసి, చుక్కల మందు వేసి, నేనడిగే ఊసుపోని ప్రశ్నలకు జవాబులు చెబుతూ కాసేపు మంచం పక్కన నిలబడుతుంది. నేను మర్యాదకు ఆవిడ వంకే చూస్తాను. వెళ్ళబోతూ ఆవిడ తన తెల్లకోటు చూసుకుని ఆగిపోతుంది. కోటు ముందు వైపు, నేను చూసినంత మేర, లేత నీలమైంది. వెనక వైపు తెల్లగానే ఉంది.

"బాగా ఎక్కింది," అంటాను నేను. "ఒక్క మునకకు ఇంత సమంగా ఎక్కడం అరుదు."

"ఉతికితే పోద్దా?" అని అడుగుతుంది నర్సు.

"పోదు. మొదటి ఉతుకు మాత్రం చన్నీళ్ళలో వెయ్యండి."

ఆవిడ తల ఊపి, డాక్టరును పిలుచుకురావడానికి వెళుతుంది. నలభై మూడేళ్ళు కలంకారీ బట్టను నీలిమందు తొట్టిలో ముంచి తీసే పని నాది. నా పేరు భావనారాయణ అంటే మా ఊళ్ళో ఏ భావనారాయణ అని అడుగుతారు. నీలం భావనారాయణ అంటే ఇంటి దాకా తీసుకొచ్చి దింపుతారు. మూడేళ్ళ కిందట నా రెండు కళ్ళలోనూ తెల్లటి శుక్లాలు ముదిరి లోకమంతా తెల్లబట్ట అయిపోయింది. తీరిక లేక ఆపరేషన్ వాయిదా వేశానని నేను చెబుతాను. భయపడి వేశానని నా భార్య నాంచారమ్మ చెబుతుంది. ఇద్దరం చెప్పేదీ ఒకటే.

డాక్టర్ హైమవతి వచ్చి నా ఎదుట కాకుండా పక్కన నిలబడుతుంది. తెలివైన మనిషి.

"మీ శుక్లం బాగా తెల్లబడిపోయింది," అంటుంది. "దాని మీద పొర ఎక్కడుందో, ఎక్కడ కొయ్యాలో కనపడదు. అందుకని పొరకు నీలం రంగు వేస్తాం. పొర కనపడగానే కోస్తాం, రంగు కడిగేస్తాం. ఇలాంటి కళ్ళకు చేసే పనే. మీ కుడి కన్ను ఆలస్యమై చెయ్యి దాటిపోయింది, ఎడమదానికే చేశాం. అందులో కాస్త రంగు పొర పక్కనుంచి జారి వెనక్కి వెళ్ళింది."

"మైనం పెట్టలేదా అమ్మా?"

"ఏం మైనం?"

"నీలం అంటకూడని చోట ముందుగా మైనం పెట్టుకుంటాం గదా."

ఆవిడ ఆలోచిస్తుంది. ఎదుటివాడి పనితనాన్ని తేలిగ్గా తీసుకునే రకం కాదు.

"మేం గాలిబుడగ పెడతాం," అంటుంది చివరికి.

"గాలా? గాలి తగిలితేనే గదమ్మా నీలం తిరిగేది!"

ఆవిడ వంగి, నర్సు కత్తిరించి పక్కన పెట్టిన నా కట్టును, దాని ముడిని పరీక్షగా చూస్తుంది. ఆ ముడి ఆస్పత్రి వాళ్ళది కాదు, మూటలు కట్టేవాడిది.

"నిన్న మీరు కట్టు విప్పారా?"

వృత్తి విషయంలో నేను అబద్ధమాడను. విప్పానని చెబుతాను. నిన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఉండగా కట్టు కింద కన్ను తడితడిగా అనిపించింది. ఆ తడి ఏమిటో నా ఒంటికి తెలుసు. తొట్టిలోంచి తీసిన బట్ట ముందు పసుపుపచ్చగా ఉంటుంది. దాన్ని వెంటనే విప్పి గాలికి చూపించాలి, అప్పుడే నీలం తిరుగుతుంది. మడతల్లో ఉంచేస్తే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. నా కన్ను మచ్చలు పడడం నాకిష్టం లేదు. కట్టు విప్పి, రెప్పను రెండు వేళ్ళతో పట్టుకుని, గాలి వచ్చే వైపు మొహం పెట్టి వంద లెక్కపెట్టాను. తర్వాత కట్టు కట్టేశాను.

డాక్టర్ హైమవతి పక్క మంచం మీద కూర్చుంటుంది.

"కట్టు విప్పొద్దని మీకు మూడుసార్లు చెప్పాం."

"చెప్పారమ్మా. లోపల రంగు వేసిన సంగతే చెప్పలేదు."

"చెబితే విప్పకుండా ఉండేవారా?"

"ఇంకా ముందే విప్పేవాణ్ణి."

ఆవిడ నా కాగితాల్లో "రంగు నిలిచింది" అని రాసి, తేదీ వేస్తుంది. వదిలేసి ఉంటే కొద్దిరోజుల్లో దానంతటదే పోయేదని చెబుతుంది. చూపు మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందని కూడా చెబుతుంది. అది నిజం. కిటికీ ఊచకు పట్టిన తుప్పు రేణువులు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. నేను సంతోషం కొద్దీ వాటిని మరీ ఎక్కువసేపు చూడడంతో కిటికీ నీలమైపోతుంది.

బయట బల్ల మీద నాంచారమ్మ కూర్చుని ఉంది. ఆమె దగ్గును ఎంత జనంలోనైనా గుర్తుపడతాను. ఆమె వైపు తిరగబోయి, ఆ కిటికీ గుర్తొచ్చి, చూపును నేల మీదికి దించుకుంటాను. నేల పలకలు రెండు నీలమవుతాయి.

"ఏవయ్యా, కనపడతందా?" అని అడుగుతుంది.

"కనపడుతోంది."

"మరి నా వంక చూడవే?"

ఇంటికెళ్ళే ఆటోలో సంగతంతా చెబుతాను. చెబుతున్నంతసేపూ నేను డ్రైవరు వీపు చూస్తూ ఉండడం వల్ల అతని చొక్కా దిగేసరికి మంచి రంగు తేలుతుంది. నాంచారమ్మ ముందు నవ్వుతుంది, తర్వాత చీరకొంగు సర్దుకుంటుంది.

"మూడేళ్ళు కనపడక చూళ్ళేదు. ఇప్పుడు కనపడతా చూట్టల్లేదు. నీ కాపరంలో మార్పేం లేదయ్యా," అంటుంది.

ఇంట్లో రెండు రోజులు గడిచాక లెక్కలు తెలుస్తాయి. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా చూపు తిప్పుకుంటే నీలం అంటదు. ఇరవై దాకా చూస్తే ఒక మునక కింద లెక్క. ఒక మునకకు పల్చటి ఆకాశం రంగు, రెంటికి నెమలి మెడ రంగు, మూడింటికి ఇక ముదరడానికేమీ మిగలని ముదురు రంగు. నల్ల కళ్ళద్దాలు కొన్నాం గానీ ఒక్క రోజులో లోపలి వైపు నీలం ఎక్కి గోడల్లా తయారయ్యాయి. వాటిని తులసి కోట మీద పెట్టేశాను.

నాంచారమ్మను ముక్కలు ముక్కలుగా చూస్తున్నాను. మూడు అంకెలకు ఒక మోచెయ్యి. మూడు అంకెలకు మడమ, దాని పగులు. మైనం చుక్క పడి కాలిన బొటనవేలు. మెడ వెనక ముడి జారిన జుట్టు. అందులో నెరుపు నేననుకున్నదాని కంటే ఎక్కువ. మొహం దగ్గరికి వచ్చేసరికి మూడు అంకెలు చాలవు. ముక్కు చూస్తే కళ్ళు మిగిలిపోతాయి, కళ్ళు చూస్తే నోరు. ముక్కలన్నీ నా దగ్గరున్నాయి గానీ కలపడం కుదరడం లేదు. నాకు ఆమె మొహం చూడాలని ఉంది. ఇంతకు మించి నాకే కోరికా లేదు.

మూడో రోజు ఉదయం నాంచారమ్మ తమ్ముడు సుబ్బారాయుడు సంగతి విని వస్తాడు. అద్దకం షెడ్డు నడిపేది అతనే. నా కళ్ళు పోయినప్పటి నుంచి అతని నీలి తొట్టి కుదురుగా లేదు. పులిసిపోతుంది, లేకపోతే అలిగి రంగు ఇవ్వదు. అతను మైనం పెట్టిన బట్ట తానొకటి భుజాన వేసుకుని, కల్లాకపటం లేని మొహంతో గుమ్మంలో నిలబడతాడు.

"బావా, ఈ తాను కూతంత చూసిపెడతావా?"

"నీకు సిగ్గులేదంట్రా? మనిషి ఆపరేషన్ చేయించుకొనొస్తే!" అంటుంది నాంచారమ్మ లోపల్నుంచి.

నేను మాత్రం వెంటనే ఒప్పుకుంటాను. నా ఆలోచన నాకుంది. ఎంత మంచి తొట్టయినా వాడేకొద్దీ పలచబడుతుంది. పది తానులు ముంచాక పదకొండోది వెలవెలబోతుంది. నా కంట్లో నీలాన్ని సుబ్బారాయుడి తానుల మీద ఖర్చు పెట్టేస్తే, కన్ను తేటపడుతుంది. అప్పుడు నాంచారమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూడొచ్చు.

దొడ్లో వెదురు గడల మీద తానులు ఆరేస్తారు. నేను పీట వేసుకుని ఒక్కో తానును చూస్తాను. పని చాలా హాయిగా ఉంది. నీళ్ళు మొయ్యక్కర్లేదు, పిండక్కర్లేదు, మోచేతుల దాకా నీలం పూసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళక్కర్లేదు. సుబ్బారాయుడు ప్రతి తాను పక్కనా నిలబడి ఆహా, ఓహో అంటాడు. ఒకసారి పొరపాటున నా చూపుకు అడ్డం రావడంతో అతని ఎడమ చెవి నీలమవుతుంది. అతను పట్టించుకోడు.

ఏడో తానుకు రంగు పలచబడుతుంది. నా గుండె తేలికపడుతుంది. తల ఎత్తి చూస్తే వెనకింటి పెంకుల వరసలు లేవు. ఆ ఇల్లు ఉండాల్సిన చోట తెలుపు ఉంది. దొడ్డి చివర జామచెట్టు కూడా సగమే ఉంది, రెండో సగం తెలుపులోకి వెళ్ళిపోయింది.

నేను డాక్టర్ హైమవతికి ఫోన్ చేస్తాను.

"అమ్మా, నీలం తగ్గుతోంది."

"మంచిదేగా, భావనారాయణ గారూ."

"చూపు కూడా తగ్గుతోంది."

ఫోన్లో ఆవిడ వెనక ఎవరో ఎవరినో అక్షరాలు చదవమంటున్నారు.

"రెండూ కలిసిపోయినట్టున్నాయండీ," అంటుంది. "వాటిని విడదీయడం మాకు రాదు. మీకు వచ్చా?"

"బట్టలోంచి నీలాన్ని విడదీయడం మాక్కూడా రాదమ్మా."

"ఎంత మిగిలిందో చెప్పగలరా?"

చెప్పగలను. నలభై మూడేళ్ళు తొట్టిలో చెయ్యి పెట్టి మిగులు ఎంతో చెప్పినవాణ్ణి. లోపల మిగిలింది మూడు మునకలు, అదీ మనిషంత వస్తువుకు. ఆ పైన చుక్క లేదు.

నేను ఫోన్ పెట్టేసేసరికి సుబ్బారాయుడు ఎనిమిదో తాను విప్పుతున్నాడు. "ఇంకొక్కటి బావా," అంటాడు. నాంచారమ్మ వచ్చి ఆ తానును అతని చేతుల్లోంచి లాక్కుంటుంది.

"నీ తాను నువ్వే చూసుకోరా," అంటుంది.

నేను గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చుంటాను. రెండు దారులున్నాయి. మిగిలిన నీలాన్ని మూడేసి అంకెల చొప్పున దాచుకుంటూ, బతికినన్నాళ్ళూ నాంచారమ్మను మోచెయ్యిగానో మడమగానో చూడడం ఒకటి. ఒక్కసారి కరువుతీరా చూసేసి, ఆమెను జన్మకంతటికీ నీలం చేసి, నేను మళ్ళీ తెలుపులోకి వెళ్ళిపోవడం రెండోది. మొదటిది పిసినారి పని. రెండోది పాపం. రెంటినీ ఆమెకే చెబుతాను, దాచడం ఎందుకని.

ఆమె గోంగూర ఆకులు తుంపుతూ వింటుంది. ఆకు తెగే చప్పుడు ఆగకుండా వస్తుంది.

"నలబై ఏళ్ళు నువ్వు ముంచిన బట్టకి మైనం పెట్టిందెవరు?" అంటుంది.

"నువ్వే."

"ఒక్క చోటన్నా నీలం జారిందా?"

"జారలేదు."

"మరి ఇంకేంటి నీ ఏడుపు?"

ఆమె కుంపటి రాజేస్తుంది. మూకుట్లో మైనం కరుగుతుంది. ఆ వాసనకు నాకు కడుపు నిండినట్టుంటుంది. వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన మైనపు కలం ఆమెది ఇంకా అటక మీదే ఉంది. అది దింపి, అద్దం ముందు పెట్టుకుని కూర్చుంటుంది.

"మొహమంతా పూసేసుకో," అంటాను గోడతో.

"మొకమంతా పూసుకుంటే నువ్వు చూసేదేంటి, మైనమా?"

పని మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఆమె తొందరపడదు. చేతుల మీద ఏదో గీస్తున్నప్పుడు గాజులు తీసి గిన్నెలో పడేసిన చప్పుడు వస్తుంది. వీపు అందదు. కలం నా చేతికిస్తుంది. నేను కళ్ళు తెరవకుండానే ఆమె వీపు మీద ఒక లత వేస్తాను. చూడకుండా ఏ పనైనా చేసుకోవడం మూడేళ్ళుగా అలవాటైంది గానీ మైనం పట్టడం ఇదే మొదటిసారి.

"కాలుతోందా?"

"నాకు మైనం కాలటం ఎప్పుడో మానేసింది. నీ తీగే వంకరగా పోతంది."

"నీ వీపే వంకర."

ఆమె నవ్వుతుంది. లత ఇంకా వంకర పోతుంది.

"ఇక తిరుగు," అంటుంది.

నేను తిరిగి, కళ్ళు తెరిచి, నాంచారమ్మను చూస్తాను.

ఒకటి నుంచి ఇరవై దాకా. ఆమె మొహం మొత్తం ఒకేసారి నా ఎదుట ఉంది. గడ్డం మీద పుట్టుమచ్చకు మైనం పెట్టుకుంది. కళ్ళ చివర ముడతలకు ఒక్కో గీత విడివిడిగా పెట్టుకుంది. తలలో నెరిసిన ప్రతి పాయకూ పెట్టుకుంది. చేతుల మీద మేమిద్దరం మొదట చేసిన దుప్పటిలోని చిలకలున్నాయి. పైన ఎడమ వైపు పన్ను లేదు.

"పన్ను ఎప్పుడు పోయింది?"

"పోయినేడు."

"చెప్పలేదే?"

"నీకు కనపడదు గదా. ఎందుకులే అనుకున్నా."

నాకు ఏడుపు వస్తుంది. ఏడిస్తే రంగు కారిపోతుంది కాబట్టి ఆపుకుంటాను. ఇంత ఆనందం నేను ఎరగను. పోయిన పన్ను చోటును కూడా నేను చూస్తున్నాను.

మొదటి మునక అయింది. ఆమె ఒళ్ళు పసుపుపచ్చగా తేలుతుంది. ఏం చెయ్యాలో ఆమెకు చెప్పక్కర్లేదు; నన్ను కూడా దొడ్లోకి తీసుకెళ్ళి, చేతులు చాపి గాలిలో మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. పసుపు ఆకుపచ్చై, ఆకుపచ్చ ఆకాశం రంగై నిలుస్తుంది. సుబ్బారాయుడు జామచెట్టు మిగిలిన సగం కింద నిలబడి చేతులు కట్టుకుని చూస్తాడు. ఈసారి ఆహా అనడు.

రెండో మునకకు ఆమె నా ముందే చుట్టూ తిరుగుతూ వీపుతో సహా నెమలి మెడ రంగు అవుతుంది. జామచెట్టు పూర్తిగా పోతుంది. గడలూ, వాటి మీది తానులూ పోతాయి.

"చాలించవయ్యా," అంటుంది. "ఒక మునక దాచుకో. రేపు దేన్నన్నా చూద్దువుగాని."

"దేన్ని?"

ఆమె ఆలోచిస్తుంది. నిజంగానే వెతుకుతుంది నా కోసం. "సముద్రం చూడొచ్చు," అంటుంది.

"అది ఇప్పటికే ముంచినదే. సగం ముంచి వదిలేయడం మా ఇంటా వంటా లేదు."

మూడో మునక. ఇరవై దాకా లెక్కపెట్టి, పద్ధెనిమిదిని రెండుసార్లు లెక్కపెడతాను. ఆమె ఆ దొంగలెక్కను కనిపెట్టి, కదలకుండా నిలబడుతుంది.

తర్వాత అంతా తెలుపు. గోడ లేదు, కుంపటి లేదు, ఆకాశం లేదు.

"బావా, నేను కనపడతన్నానా?" అని సుబ్బారాయుడు తెలుపులోంచి అడుగుతాడు.

"నీ ఎడమ చెవి కనపడుతోంది రా," అంటాను. అది అక్కడే, నిటారుగా, మనిషెత్తున ఉంది. ఎడమ పక్కకు ఏడు తానుల నీలం మైనం గీతలతో సహా గాలిలో వేలాడుతోంది. అప్పుడు నాకు అర్థమవుతుంది. నేను ఖర్చు పెట్టిన నీలం ఎక్కడికీ పోలేదు. పెట్టిన చోటల్లా ఉంది. ఎక్కువ పెట్టింది ఎక్కడో నాకు తెలుసు.

నేను తల తిప్పుతాను. నాంచారమ్మ ఉంది. ముదురు నీలంగా, అంచులు తెగినంత స్పష్టంగా, ఈ తెల్లటి లోకంలో నిలబడి, తడిచెయ్యి చీరకు తుడుచుకుంటోంది. ఇరవై లెక్కపెట్టినా, రెండు వందలు లెక్కపెట్టినా ఆమెకేమీ కాదు. నేను చూస్తూనే ఉంటాను. చూడ్డానికి ఇంకేమీ లేదు, నాకింకేమీ అక్కర్లేదు.

"అట్టా చూడమాకు, సిగ్గేస్తంది," అంటుంది.

మైనం వదలాలంటే వేడినీళ్ళు పడాలి. ఆమె కాగు నీళ్ళు తలమీంచి పోసుకుంటుంది. మైనం కరిగి జారిపోతుంది. పుట్టుమచ్చా, ముడతలూ, నెరుపూ ఆమె ఎక్కడ పెట్టుకున్నవి అక్కడే తెల్లగా తేలతాయి. నవ్వినప్పుడల్లా కళ్ళ దగ్గర తెల్లటి గీతలు విచ్చుకుంటాయి. ఒక్క చోటా నీలం జారలేదు. వీపు మీద నా లత వంకరగా, అచ్చం నా చేతిరాతలా ఉంది.

"మజ్జిగ తాగు," అంటుంది.

గ్లాసు కనపడదు. ఆమె వేళ్ళు అంటిన నీలం మచ్చలు అయిదు, తెలుపులో తేలుతూ వచ్చి నా మొహం ముందు ఆగుతాయి. నేను వాటిని పట్టుకుని తాగుతాను. ఉప్పు సరిపోయింది.

ముంచిన బట్టను చివరికి పారే నీళ్ళలో జాడించాలి, అది మా ఆచారం. కాలవకు వెళదాం పదమంటుంది. ఆమె ముందు నడుస్తుంది. అడుగు వేసిన చోటల్లా తడి నీలం పాదం గుర్తు ఒకటి మిగులుతుంది. ఆమె చేతుల మీది చిలకలు ఒక్కొక్కటే విడిపోతాయి. తెలుపులో తెలుపు కాబట్టి అవి నాకు కనపడవు, రెక్కల చప్పుడు మాత్రం వినపడుతుంది. అవి వదిలిన చోట చిలకలంత కిటికీలున్నాయి. వాటిలోంచి అవతల నీళ్ళు పారుతున్నాయి.

పాదాలు వాకిలి దాటి, ప్రహరీ ఎక్కి, అక్కడితో ఆగకుండా నిట్టనిలువుగా పైకి వెళుతున్నాయి.

"కాలవ అటు కాదు గదా," అంటాను.

"ఇయ్యాళ అటే పారతంది," అంటుంది నాంచారమ్మ, చాలా ఎత్తు నుంచి, నా వైపు తిరిగి, చెయ్యి చాపి. ఆమె మొహం మొత్తం కనపడుతోంది.

నేను చెప్పులు విప్పి మొదటి పాదంలో కాలు పెడతాను. అది ఇంకా తడిగా ఉంది.